చేతులు కడుక్కోడానికి నీళ్లేవి?

నర్సింగు చదువులో మొదటి పాఠం చేతులు కడుక్కోవడం. అరచేతులు, వేళ్ల సందులు, బొటనవేలి మొదలు, గోళ్ల చివరలు, మణికట్టు - వరస తప్పకుండా చేసి చూపించాలి. ఉత్తరాంధ్రలో ఒక శిక్షణ సంస్థకి వెళ్లిన రోజున ఈ పాఠమే జరుగుతోంది. పద్దెనిమిది, పంథొమ్మిదేళ్ల పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. పంపు తిప్పితే నీళ్లు రాలేదు. టీచరు ఏమాత్రం తడబడకుండా, ఎండిపోయిన పంపు కిందే అందరిచేతా చేయించారు. పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటూనే గాల్లో చేతులు రుద్దుకున్నారు. పరీక్షలో ఆ అంశానికి అందరికీ మార్కులు వస్తాయి. అందులో సందేహం లేదు.

ఆ వారంలోనే సీతంపేట వైపు కొండల్లో ఒక ఉపకేంద్రంలో పనిచేసే ఏఎన్‌ఎంతో మాట్లాడాను. ఆ ఉపకేంద్రానికి గోడలున్నాయి, రంగులున్నాయి, గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి బొమ్మలున్నాయి. నీళ్లు మాత్రం దిగువనున్న బోరు దగ్గర్నుంచి ఆమే తెచ్చుకోవాలి. "నానేటి సెయ్యాలండి మేడమ్‌గోరూ? బకెట్టుడు నీళ్లు తెచ్చుకుంటే రోజంతా సరిపెట్టుకోవాల. ఒక్కో గుంటకీ టీకా ఏసినప్పుడల్లా సేతులు కడిగేస్తే మద్దేన్నానికి నాను బయటికెళ్లడానికి నీళ్లుండవు" అంది. ఈ సంచికలో మనం మాట్లాడుకోవలసింది ఆ బకెట్టు గురించే.

ప్రాథమిక ఆరోగ్యం గురించి రాసేవాళ్లు డాక్టర్ల ఖాళీల దగ్గర మొదలుపెడతారు, భవనాల దగ్గర ఆగిపోతారు. నర్సుల గురించి మాట్లాడవలసి వస్తే మే 12న కొవ్వొత్తులు వెలిగించి, త్యాగమూర్తులని పొగిడి ఊరుకుంటారు. నర్సు ఏం నేర్చుకుంటోంది, ఎలా నేర్చుకుంటోంది, నేర్చుకున్నది చెయ్యడానికి ఆమెకి ఏం మిగులుతోంది అనే ప్రశ్న వేసేవాళ్లు అరుదు. ఈ ప్రశ్న ఆమె ఒక్కదానిదే కాదు. ఆమె చేతిలో పురుడు పోసుకునే, ఆమె సూదితో బిడ్డకి టీకా వేయించుకునే ప్రతి స్త్రీ హక్కుకి సంబంధించింది.

కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. 1946లో భోర్ కమిటీ నివేదిక ఇచ్చేనాటికి దేశంలో 43 వేలమందికి ఒక నర్సు ఉంది. పూర్తి నర్సుల్ని తయారుచెయ్యడానికి డబ్బూ సమయమూ చాలవు కనక పల్లెలకోసం తక్కువ కాలంలో, తక్కువ ఖర్చుతో ఒక కార్యకర్తని తయారుచేద్దామనుకున్నారు. అలా వచ్చిన పేరే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. తెలుగులో చెప్పుకుంటే సహాయక నర్సు, మంత్రసాని. పేరులోనే ఆమె స్థానం రాసిపెట్టారు. ఊళ్లో డాక్టరే లేనప్పుడు ఆమె ఎవరికి సహాయకురాలు? అయినా తొలినాళ్లలో ఆ చదువు రెండేళ్లు. అందులో పెద్ద భాగం పురుళ్లదే. 1973లో కర్తార్‌సింగ్ కమిటీ మలేరియాకి ఒకరు, మశూచికి ఒకరు, కుటుంబ నియంత్రణకి ఒకరు అని కాకుండా అందరినీ కలిపి బహుళార్థ కార్యకర్తలుగా మార్చమంది. ఆలోచన చెడ్డది కాదు. కాని 1977 నాటికి చదువు పద్దెనిమిది నెలలకి కుదించుకుపోయింది, పని మాత్రం నాలుగింతలైంది. తగ్గినదాంట్లో పురుళ్ల శిక్షణ కూడా ఉంది. ఇప్పుడది మళ్లీ ఇంటర్ పాసైనవాళ్లకి రెండేళ్ల కోర్సు అయింది. మన రాష్ట్రంలో ఇంటర్ ఒకేషనల్‌లోనే మల్టీపర్పస్ హెల్త్ వర్కర్ కోర్సు చదివి, ఆపైన ఏడాదిపాటు ఆసుపత్రిలో శిక్షణ పొంది వచ్చినవాళ్లూ చాలామంది ఉన్నారు.

ఎవరీ పిల్లలు? నాకు తటస్థపడినవాళ్లలో ఎక్కువమంది జనపనార మిల్లు కార్మికుల, కౌలురైతుల, విశాఖకో చెన్నైకో వలసపోయిన కూలీల ఆడపిల్లలు. దళితులు, వెనకబడిన కులాలవాళ్లు, జాతాపు, సవర పిల్లలు. ఎంబీబీఎస్ అందదు. డిగ్రీ చదివితే ఉద్యోగం రాదు. "తొందరగా ఏదో ఒక ఉద్యోగం వస్తాది, పెళ్లిలో కట్నం కొంచెం తగ్గుతాది" అని ఒక తల్లి నాతో ఏ దాపరికం లేకుండా చెప్పింది. పై కులాల ఇళ్లలో ఆడపిల్లని నర్సింగుకి పంపడానికి నిన్నమొన్నటిదాకా వెనకాడారు. కారణం తెలియనిది కాదు. పరాయి మగవాడి ఒళ్లు ముట్టుకోవాలి. నెత్తురు, మలమూత్రాలు, చీము ముట్టుకోవాలి. మైలని శాస్త్రాలు చెప్పి, ఆ మైల ఎత్తిపోసే పనిని ఏ కులాల స్త్రీలకి వదిలేశారో ఆ కులాలనుంచే మొదటి తరాల నర్సులు వచ్చారు. క్రైస్తవ మిషన్ ఆసుపత్రులు వాళ్లకి తలుపు తీశాయి. సాలూరు కుష్ఠు ఆసుపత్రిలో స్పర్శ పోయిన పాదాన్ని నీళ్లలో నానబెట్టి, గట్టిపడిన చర్మం గీసి, కట్టు కట్టడమనే పనిని ఒక విద్యగా నేర్పారు. విజయనగరంలోనూ విశాఖలోనూ ఘోషా ఆసుపత్రులని పేరుపడ్డవాటిని చూడండి. పరదాలోని స్త్రీలకోసం పుట్టిన ఆసుపత్రులవి. లోపల చికిత్స పొందే స్త్రీ గౌరవం కోసం అంత పట్టింపు ఉన్న సమాజానికి, లోపల సేవచేసే స్త్రీ గౌరవం మాత్రం పట్టలేదు.

మంత్రసానిని కూడా ఇక్కడే తలుచుకోవాలి. ఆమె చేతులకి తెలిసిన విద్య చాలానే ఉంది - పొట్ట తడిమి బిడ్డ తల ఎక్కడుందో చెప్పడం, తొందరపడకుండా కాచుకుని ఉండటం, నొప్పులు పడుతున్న మనిషిని ఒంటరిగా వదలకపోవడం. ఆమెకి తెలియనిది సూక్ష్మక్రిమి. బొడ్డు కోసిన కొడవలినుంచి ధనుర్వాతం వస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, కొత్త బ్లేడు, శుభ్రమైన దారం, ఏమీ పుయ్యని బొడ్డు - ఈ అయిదూ నేర్పితే ఎందరో పిల్లలు బతుకుతారని తెలిసి కూడా, ఆమెకి కొన్నాళ్లు కిట్లిచ్చి, తర్వాత పనికిరాదని తోసేశారు. పురుడు ఆసుపత్రికి చేరింది. తల్లుల మరణాలు తగ్గాయి, నిజమే. 2018-20 లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో లక్ష కాన్పులకి 45 మరణాలు. దేశం సగటు 97. ఇది చిన్న విజయం కాదు. కాని పక్కన కూచుని చెయ్యి పట్టుకునే విద్య మాత్రం మంత్రసానితోనే పోయింది. నొప్పులతో అరిస్తే చెంప మీద కొట్టే, "అప్పుడు తెలీలేదా?" అని తిట్టే పురిటి గదులు మనందరికీ తెలుసు. అలా మాట్లాడకూడదన్నది కూడా ప్రాథమిక నర్సింగే. ఏ పుస్తకంలోనైనా మొదటి అధ్యాయంలోనే ఉంటుంది.

ఇంతకీ ప్రాథమిక నర్సింగంటే ఏమిటి? ఊళ్లో అడిగితే "సూదేసేది" అంటారు. నిజానికి సూది అందులో చివరిది. మొదటిది చూడటం. ఫ్లారెన్స్ నైటింగేల్ 1859లో నర్సింగు గురించి పుస్తకం రాసినప్పుడు గాలి, వెలుతురు, నీళ్లు, నిశ్శబ్దం, రోగిని గమనించడం - వీటి చుట్టూతానే రాసింది. రోగిని గమనించడమంటే ఏమిటో ఒక ఉదాహరణ చెప్తాను. దగ్గుతో, జ్వరంతో చంటిపిల్లని తీసుకొచ్చారు. అది మామూలు జలుబా, న్యుమోనియానా? ఎక్స్‌రే అక్కర్లేదు. పిల్లని తల్లి ఒళ్లోనే ఉంచి, ఏడుపు మానాక, చొక్కా పైకెత్తి, సెకన్ల ముల్లున్న గడియారం చూస్తూ ఒక పూర్తి నిమిషం ఊపిర్లు లెక్కపెట్టాలి. రెండు నెలలనుంచి ఏడాదిలోపు పిల్లకి యాభై, అంతకన్న ఎక్కువ ఉంటే, ఏడాది నుంచి అయిదేళ్ల పిల్లకి నలభై, అంతకన్న ఎక్కువ ఉంటే అనుమానించాల్సిందే. డొక్కలు లోపలికి పోతుంటే ఇక ఆలస్యం చెయ్యకూడదు. పిల్ల ప్రాణం నిలబెట్టే ఈ విద్యకి కావలసింది ఒక గడియారం, ఒక నిమిషం. ఆ నిమిషమే ఏఎన్‌ఎంకి లేదు.

లేదని ఎలా చెప్పగలను? రిజిస్టర్లు చెప్తాయి. నేను చూసిన ఒక రిజిస్టరులో గర్భిణీలందరి రక్తపోటూ 110/70. ఒకటి, రెండు చోట్ల మాత్రం 120/80 - బహుశా రాసిరాసి విసుగొచ్చి మార్చి ఉంటుంది. బీపీ మిషను పట్టీ గాలి కారిపోతోంది, కొత్తది అడిగి ఏడాదైంది. గడి ఖాళీగా ఉంటే పైవాళ్లు తిడతారు. అంకె ఉంటే ఎవరూ ఏమీ అనరు. ఇది ఆమె అబద్ధమా, మన అబద్ధమా? గర్భిణీకి 140/90 దాటితే, కాళ్లు ఉబ్బితే, తలనొప్పి, కళ్లు మసకలని చెప్తే గుర్రపువాతం దగ్గర్లో ఉందని అర్థం. గుర్రపువాతానికి మొదటి మోతాదు మెగ్నీషియం సల్ఫేటు ఏఎన్‌ఎమ్మే ఇచ్చి పై ఆసుపత్రికి పంపవచ్చని ప్రభుత్వం 2005 తర్వాత అనుమతించింది, 21 రోజుల ప్రత్యేక శిక్షణ కూడా పెట్టింది. చాలా మంచి నిర్ణయం. కాని నిజమైన అంకె రాసే అవకాశం లేనిచోట ఆ మందు సీసా బీరువాలోనే గడువు దాటిపోతుంది.

అసలు ఈ తప్పుడు అంకెల అలవాటు ఎక్కడ మొదలైందో ఈ పత్రిక పాఠకులకి గుర్తుచెయ్యనక్కర్లేదు. ఎమర్జెన్సీ కాలం నుంచీ 1996లో టార్గెట్లు లేవని ప్రకటించేదాకా, ఆ తర్వాత కూడా మన రాష్ట్రంలో చాలాకాలం, ఏఎన్‌ఎం పనిని కొలిచింది ఒక్కటే - ఎన్ని ఆపరేషను "కేసులు" తెచ్చింది? రక్తహీనత ఎంతమందికి తగ్గించింది అని అడిగిన అధికారి లేడు. కేసులు తేకపోతే జీతం ఆగేది. ఊళ్లోవాళ్లు ఆమెని చూసి తలుపులు వేసుకున్న రోజులున్నాయి. స్త్రీ శరీరాన్ని జనాభా లెక్కగా చూసిన విధానమే మరో స్త్రీని ఆ లెక్క వసూలు చేసే మనిషిగా మార్చింది. ఇద్దరి మధ్యా నమ్మకం చెడింది. వేసెక్టమీ ఎంతో సులువని పాఠంలో చదువుకున్న ఆ అమ్మాయి, మగవాళ్ల దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పగలిగే పరిస్థితి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఇప్పుడు కేసుల స్థానంలో ఫోను వచ్చింది. గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరులో మొదలయ్యాక ఏఎన్‌ఎంలు పెరిగారు. ఉపకేంద్రాల్లో బీఎస్సీ నర్సింగు చదివినవాళ్లని కూడా వేశారు. ఈ మార్పుని ఆహ్వానించాల్సిందే. కాని ఒకే గదిలో ఒకరు రెగ్యులర్, ఒకరు కాంట్రాక్టు. ఒకరు డిగ్రీ, ఒకరు ఇంటరు. ఎవరు ఎవరికి చెప్పాలో, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలో తేలక స్త్రీలు స్త్రీలతోనే తగువులాడుకుంటున్నారు. ఇరవై ఏళ్లు పురుళ్లు పోసిన మనిషి చేతి అనుభవం, కొత్తగా వచ్చిన అమ్మాయి పుస్తక జ్ఞానం కలిస్తే ఎంత బాగుండేది! ఆ రెండూ కలిసి కూచునే వేళ మాత్రం వివరాలు ఫోనులో ఎక్కించడానికే సరిపోతోంది. సిగ్నలు కోసం కొండెక్కి ఎక్కించేవాళ్లని చూశాను.

కొండల మాట వచ్చింది కనక. మైదానంలో అయిదువేల జనాభాకి, కొండప్రాంతంలో మూడువేలకి ఒక ఉపకేంద్రం ఉండాలన్నది నియమం. లెక్కలో మూడువేలు తక్కువే. ఆ మూడువేలమంది ఇరవై గూడేల్లో, వాగులకి అటూ ఇటూ ఉంటారని లెక్క చెప్పదు. 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలనుంచి విడదీసి పార్వతీపురం మన్యం జిల్లా చేశారు. జిల్లా దగ్గరైంది గాని రోడ్డు చాలా గూడేలకి ఇంకా దగ్గర కాలేదు. నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకొస్తున్న ఫోటో వానాకాలంలో పేపర్లలో వస్తూనే ఉంటుంది. ఆ ఫోటోలో డోలీ పక్కన నడుస్తున్న ఏఎన్‌ఎం గాని, ఆశా గాని ఉంటుంది, చూడండి. ఆమె గురించి వార్తలో ఒక్క ముక్క ఉండదు. దారిలో కాన్పయితే బిడ్డని తుడిచి తల్లి ఒంటికి ఆనించి కప్పాలి, మాయ పడ్డాక గర్భసంచి గట్టిపడిందో లేదో చూడాలి, అరలీటరు దాటి నెత్తురు పోతోందేమో గమనించాలి. ఇదంతా వానలో, టార్చిలైటు వెలుగులో. సాలూరులో ఐటీడీఏ తెరిచిన గర్భిణుల వసతి గృహంలాంటివి, నెలలు నిండినవాళ్లని ముందే కిందికి తెచ్చి ఉంచేవి, అందుకే అవసరం. అవి ప్రతి కొండ మండలంలోనూ ఎందుకు లేవు?

భాష సంగతి ఇంకొకటి. రోగి చెప్పింది వినడం నర్సింగులో ప్రాథమికం అంటారు. సవర స్త్రీ సవరలో చెప్తుంది. సవరల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి వందేళ్ల కిందటే పర్లాకిమిడిలో కూచుని పాటుపడ్డాడు. ఆయన్ని వ్యావహారిక భాష పేరుతో ఏటా తలుచుకుంటాం. కాని సవర గూడెంలో పనిచెయ్యబోయే నర్సుకి "ఎక్కడ నొప్పి?" అన్న ప్రశ్నయినా సవరలో నేర్పాలని మనకి తోచలేదు.

ఇక మైదానంలో, సముద్రపు ఒడ్డున ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు - కొబ్బరి, జీడి తోటల మధ్య కిడ్నీ జబ్బు ఇళ్లకి ఇళ్లని తినేస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో రెండువందల పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఎన్నో ఏళ్ల పోరాట ఫలితమది. అయితే డయాలసిస్ మనిషి వారంలో రెండు మూడు పూటలు ఆసుపత్రిలో ఉంటాడు, మిగతా అంతా ఇంట్లోనే. అక్కడ నర్సు ఎవరు? భార్య. ఆమె పొద్దున్న జీడిగింజలు వలిచి, సాయంత్రం అతనికి నీళ్లు కొలిచి ఇస్తుంది. డయాలసిస్ కోసం సిరా ధమనీ కలిపి కుట్టిన చేతికి బీపీ పట్టీ చుట్టకూడదు, ఆ చేతినుంచి రక్తం తియ్యకూడదు, ఆ చేతిమీద పడుకోకూడదు. ఇంత చిన్న విషయం తెలియక ఆ చెయ్యి పాడైపోతే మళ్లీ ఆపరేషను. దీన్ని ఇంటికి వెళ్లి నేర్పేది ఏఎన్‌ఎం, ఆశా కాకపోతే మరెవరు? వాళ్లకి నేర్పేదెవరు?

ఇంట్లో సేవ ఎప్పుడూ ఆడవాళ్ల పనే. పక్షవాతమొచ్చిన మామగారిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పకపోతే వీపున పుళ్లు పడతాయని తెలిసిన కోడలు నిద్ర మానుకుంటుంది. తెలియని కోడలు పుళ్లు పడ్డాక తిట్లు తింటుంది. కొడుకు ఎందుకు తిప్పకూడదో ఎవరూ అడగరు. ఈ పనిని వంటలాగే "వచ్చే" పని అనుకుంటారు. వస్తుందా? ముంబై కెయీఎం ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అనే నర్సు మీద 1973 నవంబరులో, ఆమె పనిచేసే చోటనే, అదే ఆసుపత్రి ఉద్యోగి అత్యాచారం చేశాడు. 2015 మే లో చనిపోయేదాకా ఆమె మంచంమీదే ఉంది. అన్నేళ్లూ ఆమెని చూసుకున్నది ఆ ఆసుపత్రి నర్సులు, తరాలు మారుతూ. ఆమె ఒంటిమీద పుండు పడనివ్వలేదు. 2011లో తీర్పు చెప్తూ సుప్రీంకోర్టు కూడా వాళ్ల సేవని మెచ్చుకుంది. రెండు గంటలకోసారి పక్కకి తిప్పడమన్న ప్రాథమిక సూత్రాన్ని నలభైయేళ్లకి పైగా పాటించడమంటే అది. దాన్ని ప్రేమ అని మాత్రమే అనకండి. అది విద్య, శ్రమ కూడా. అరుణకి జరిగింది కూడా మరిచిపోవద్దు. రాత్రిపూట ఒంటరిగా గూడేలకి వెళ్లే మన ఏఎన్‌ఎంకి, రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉండే స్టాఫ్‌నర్సుకి గొళ్లెం పడే గది లేదు. 1992లో ప్రభుత్వ పనిమీద బాల్యవివాహం ఆపబోయినందుకు భన్వరీదేవి అత్యాచారానికి గురైతేనే 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. ఆ చట్టం ప్రకారం ఫిర్యాదు ఎవరికివ్వాలో తెలుసా అని నేను అడిగిన ఏఎన్‌ఎంలలో చాలామంది "మెడికలాఫీసరుగోరికి" అన్నారు. ఆ మెడికలాఫీసరుమీదే ఫిర్యాదైతే? అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు ఎండిన పంపు కింద చేతులు రుద్దుకున్న పిల్లల్ని గుర్తుచేసింది.

మనమేం అడగాలి? కొత్త పథకం వద్దు, కొత్త పేరూ వద్దు. ఉపకేంద్రానికి నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి, గొళ్లెం. పనిచేసే బీపీ మిషను, సెకన్ల ముల్లున్న గడియారం. శిక్షణలో పురుటిగదిలో గడిపే గంటలు తగ్గకుండా, ఒక్కో విద్యార్థిని తన చేత్తో పోసిన పురుళ్లు కాగితం మీద కాకుండా నిజంగా లెక్కకి రావాలి. పిల్లలు ఎక్కువ, కాన్పులు తక్కువైన చోట పదిమంది ఒక పురిటిని చుట్టూ నిలబడి చూసి, పదిమందీ పోసినట్టు రాసుకుంటున్నారు. ఆ తల్లి సిగ్గు సంగతి ఎవరికీ పట్టదు, ఆ పిల్లలకి పని రాదు. తెలంగాణలో 2017లో కరీంనగర్‌లో నర్సులకి ప్రత్యేకంగా మంత్రసాని విద్యలో సుదీర్ఘ శిక్షణ మొదలుపెట్టారు. తల్లిని మనిషిగా చూడటం అందులో పాఠమే. శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల్లో ఆ పని చెయ్యడానికి అడ్డేమిటి? రెండు జిల్లాల్లోనూ మెడికల్ కాలేజీలున్నాయి.

మన సంఘాలు చెయ్యాల్సిన పని కూడా ఉంది. ఏఎన్‌ఎంని మనం ఇన్నాళ్లూ ప్రభుత్వ మనిషిగా, ఆపరేషన్ల మనిషిగా చూసి దూరంగా పెట్టాం. ఆమె సమ్మెకి మన సంఘీభావం ఒక కరపత్రం దాటి వెళ్లలేదు. మహిళా సంఘం సమావేశానికి ఆమెని పిలిచి, ఉపన్యాసానికి కాకుండా, బీపీ ఎలా చూస్తారో, ఊపిరి ఎలా లెక్కపెడతారో మనకి నేర్పమని అడుగుదాం. విరేచనాల పిల్లకి లీటరు నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు అని మనలో ఎంతమందికి కచ్చితంగా తెలుసు? డేవిడ్ వెర్నర్ పుస్తకం హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో తెచ్చి ఏళ్లయింది. గ్రామ సంఘాల బీరువాల్లో అది లేకపోతే తెప్పించుకుందాం.

వచ్చే సంచికలో ఏఎన్‌ఎంలు, ఆశాలు, నర్సింగు విద్యార్థినులు స్వయంగా రాసిన ఉత్తరాలకి నాలుగు పేజీలు కేటాయిస్తున్నాం. పేరు వెయ్యొద్దంటే వెయ్యం. ఊరు పేరు కూడా వెయ్యం. రాయడం ఇబ్బందైతే పక్కవాళ్లచేత రాయించి పంపండి, సవరలో చెప్పినా సరే. మీ ఉపకేంద్రంలో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో మొదటి వాక్యంలో రాయండి.